ఒంటి హారన్

జపాన్‌లోని ఓకాయా ఊళ్లో ఒకప్పుడు పట్టుగూళ్లు దాచిన గోదాము అది. ఇప్పుడు అందులో మొమోసే అనే పెద్దమనిషి మూతపడ్డ సినిమాహాళ్ల హారన్ స్పీకర్లు తెచ్చి, బాగుచేసి, ఇళ్లకు అమ్ముతాడు. మనిషి నచ్చకపోతే అమ్మడు. ఆ చలికాలపు మధ్యాహ్నం ఒగిసో అనే ఆయన వచ్చి, ఎంతకీ ఏదీ తేల్చకుండా నిలబడ్డాడు.

"ఒకటా! ఒక్కటే ఇమ్మంటారా?"

"ఆ. ఒకటి చాలండీ."

"ఒగిసో గారూ, చెప్పుల కొట్టుకెళ్లి ఎడమకాలిది ఒక్కటే ఇమ్మని అడుగుతారా ఎక్కడైనా? ఇవి జతండీ. ఉయెదాలో ఒకే సినిమాహాల్లో, తెర వెనక పక్కపక్కనే పుట్టి పెరిగాయి. హాలు పడగొడుతుంటే దుమ్ములోంచి ఈ రెండింటినీ మోసుకొచ్చా. విడదీస్తే నాకు అన్నం సయించదు."

"మా ఇల్లు చిన్నది."

"ఆ మాట ముందే అనొచ్చుగా. ఇదిగో, ఈ చెక్కపెట్టె చూడండి. లోపల బుల్లి హారన్. మీ ఇంట్లో పెడితే పక్కింటివాళ్లు కూడా తిట్టరు."

"ఇది కాదండీ. అది. ఆ గళ్లుగళ్లుగా ఉన్న పెద్దది."

"అది హాల్లో ఆఖరి వరసలో కూర్చుని రొయ్యల అప్పడాలు నములుతున్న ముసలమ్మకి కూడా హీరోయిన్ గుసగుస వినపడాలని చేసింది. మీరెక్కడ పెడతారు?"

"ముందు గదిలో. వంటింటి వైపు తిప్పి."

"వంటింటి వైపా? వంటింట్లో కూర్చుని పాటలు వింటారా?"

"అంటే... అటు తిప్పితే బాగుంటుందని."

"సరే పోనీండి, ఎవరి పిచ్చి వాళ్లకానందం. ఏం పాటలు వింటారు? జాజ్ సంగీతమా? పాతకాలపు ఎన్కా విరహ గీతాలా? వయొలినా?"

"ఏదైనా."

"ఏదైనా అనే పాట నేనెప్పుడూ వినలేదు. చూడండీ, మీరేం వింటారో తెలియకుండా నేను స్పీకరు అమ్మను. అది నా నియమం. మొన్నొకాయన ఇలాగే నీళ్లు నమిలితే టీ ఇచ్చి పంపేశా."

"పంపేయకండి."

"అయితే చెప్పండి."

"చెబుతా. ముందు... ఇది బాగుచేశారు కదా, ఏమేం చేశారో చెప్పండి."

"మాట మారుస్తున్నారు. అయినా అడిగారు కాబట్టి చెబుతా. ఇదిగో, కింద పెట్టెలో ఈ కాగితం కోను, తెచ్చినప్పుడు ఎలుకలు కొరికేసి జల్లెడలా ఉంది. మన చేతితయారీ వాషీ కాగితం వేళ్లతో చించి అతికించా. కత్తెర పెట్టకూడదు. పెడితే అంచు గట్టిపడి ఆ చోట చప్పుడు మారిపోతుంది. పైన హారన్‌కి ఎవడో మహానుభావుడు తారు పూశాడు, మోత తగ్గాలని. దాన్ని గీకడానికి నా గోళ్లు అరిగిపోయాయి. ఇక అసలు గొంతు ఉంది చూడండి, ఈ పల్చటి రేకు పొర, దీని జోలికి మాత్రం పోలేదు. అందరూ కొత్తది వేయించమంటారు. వేస్తే మోగుతుంది. కానీ అది వేరే ఎవరి గొంతో అవుతుంది."

"మనిషి గొంతు బాగా వస్తుందా ఇందులో?"

"భలేవారే! అందుకేగా దీన్ని చేసింది. డోలు దెబ్బా, డ్రమ్ము దెబ్బా ఎవడైనా వినిపిస్తాడు. మనిషి ఊపిరి తీసుకోవడం వినిపించాలంటే ఇదే."

"గట్టిగా మాట్లాడలేనివాడి గొంతైనా?"

"ఎవరా పాడేది? ఏ రికార్డు?"

"రికార్డు కాదండీ. దీనికి... మైకు తగిలించుకోవచ్చా?"

"ఏంటీ?"

"మైకు."

"మైకా! ఒగిసో గారూ, మీరు ఎన్నికలకి గానీ నిలబడుతున్నారా? అందుకైతే బండి మీద కట్టుకునే ఇనప గొట్టాలుంటాయి. మూడు నెలలు ముక్కుతో తారు వాసన పీలుస్తూ దీన్ని బతికించింది ఓట్లు అడుక్కోడానికా?"

"కోప్పడకండి. ఓట్లకి కాదు."

"మరి?"

"మా ఆవిడకి వినపడదు."

"మీ ఆవిడకా? ఎవరూ, బయట కారులో కూర్చున్నావిడా?"

"ఆవిడే."

"చలికి సరస్సు గడ్డకడుతోంది, ఆవిణ్ణి కారులో కూర్చోబెట్టి వచ్చారా! పిలవండి లోపలికి."

"పిలిస్తే వినపడదు కదా."

"అది... నిజమేలెండి. అయ్యో. ఎన్నాళ్లుగా?"

"వాళ్ల చెల్లెలు పోయిన దగ్గర్నుంచి."

"చెవి మిషను పెట్టించొచ్చుగా? బఠాణీ గింజంతవి వస్తున్నాయి ఇప్పుడు."

"దానికి మళ్లీ పరీక్ష చేయాలంటారు."

"చెయ్యనివ్వండి. చెవిలో కత్తి పెట్టరుగా."

"వద్దు. ఆ పరీక్ష ఆవిడకి వద్దు."

"భయమా ఆవిడకి?"

"అలాంటిదే."

"డాక్టరు దగ్గరికి అసలు వెళ్లారా లేదా?"

"వెళ్లాం. ఎండాకాలం చివర్లో."

"ఏమన్నాడు?"

"అన్నాడు ఏదో. డాక్టర్లు అనేవి అంటారు కదా."

"మీ నోట్లోంచి మాట లాగడం కంటే తారు గీకడమే నయం. పోనీ, ఆవిడ చెవి దగ్గరికెళ్లి గట్టిగా చెప్పండి. మన హారన్ ఏం చేస్తుంది? అదేగా చేసేది."

"నాకు గొంతు లేవదండీ. మీరే ముందుకు వంగి వింటున్నారు చూడండి. గడియారాల ఫ్యాక్టరీలో పనిచేశాను. నోరు తెరిస్తే తుంపర పడుతుంది, ఊపిరి గట్టిగా వదిలినా పళ్లచక్రం ఎగిరిపోతుంది. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుని పొద్దస్తమానం కూర్చునేవాళ్లం. ఇంటికొచ్చి గుడ్డ విప్పినా నోరు మాత్రం అలాగే ఉండిపోయేది."

"ఇంట్లో ఏమీ మాట్లాడేవారు కాదా?"

"ఎందుకు మాట్లాడనూ. 'ఓయ్' అనేవాణ్ణి. ఓయ్ అంటే టీ. రెండుసార్లు ఓయ్ అంటే స్నానానికి నీళ్లు."

"నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు నాకు. మరి ఇప్పుడేం చెప్పాలని ఇంత పెద్ద గొట్టం?"

"ఒక్క మాట. అది చెప్పి, ఆవిడ ఏమంటుందో వినాలి. నేను చెప్పడం ఒక్కటే అయితే ఎలాగో అలా చెప్పేస్తా. కానీ ఆవిడ జవాబు కావాలి నాకు. అది లేకపోతే... నాకు ఇంకో దారి తోచలేదండీ. మీరే ఏదో ఒకటి చెయ్యాలి."

"నేను స్పీకర్లు బాగుచేసేవాణ్ణి, చెవులు కాదు."

"తెలుసు. అయినా ఒకసారి ఇక్కడ మోగించి చూద్దాం. మైకు తెచ్చాను, డిక్కీలో ఉంది. మా ముసలాళ్ల సంఘంలో కరావొకేకి వాడేది, అడిగి తెచ్చా."

"కరావొకే మైకు! నా హారన్‌కి! సరే, తీసుకురండి. ముందు ఆవిణ్ణి లోపలికి పంపండి. ఇక్కడ పొయ్యి ఉంది."

"పంపిస్తా. నేను కాస్త ఆగి వస్తా. గొంతు సవరించుకోవాలి."

ఆయన బయటికెళ్లాడు. కాసేపటికి ఒక చిన్నపాటి ఆడమనిషి లోపలికొచ్చి, బూట్లు విప్పి, గుమ్మం వైపు తిప్పి పెట్టి, పొయ్యి దగ్గర కూర్చుంది.

"అమ్మా! ఇలా! కూర్చోండి! టీ! టీ తాగుతారా? టీ!"

"అరవకండి మొమోసే గారూ. పైకప్పు మీద మంచు జారి పడుతుంది."

"అయ్యో, పడనివ్వండి, చలికి... ఏంటి? మీకు వినపడిందా?"

"మీరరిచిన అరుపుకి స్టేషన్ దాకా వినపడి ఉంటుంది. నెమ్మదిగా అన్నా వినపడుతుంది. నా చెవులకేం కాలేదు."

"కాలేదా? మరి ఆయన..."

"గట్టిగా అనకండి. గుమ్మంలోనే ఉన్నారేమో చూడండి."

"లేరు. డిక్కీ తెరిచి అలా చూస్తూ నిలబడ్డారు. ఏంటమ్మా ఇది? ఆ పెద్దాయన మీ కోసం సినిమాహాలు కొనేసేట్టున్నారు."

"అందుకే వచ్చా. ఆయనకి అది అమ్మకండి. మీకు పుణ్యముంటుంది."

"ముందు సంగతి చెప్పండి."

"ఏం చెప్పను, సిగ్గు లేకుండా. మా చెల్లెలు పోయిందని నీగాతా నుంచి ఫోనొచ్చింది. రిసీవరు ఇంకా చేతిలోనే ఉంది. పక్క గదిలోంచి 'ఓయ్' అన్నారు. కదల్లేదు నేను. 'ఓయ్, టీ' అన్నారు. నాకు లోపల ఏదో తెగిపోయింది. పలకలేదు. ఇంకోసారి పిలిచి, లేచొచ్చి, నా మొహంలోకి చూసి, ఏమడిగారో తెలుసా? 'చెవులు వినపడటం లేదా?' అని. కళ్లనిండా నీళ్లున్నాయండీ నాకు. అవి కనపడలేదు. సరే, వినపడదు అనుకో, అనుకున్నా. తలూపా. వెళ్లి టీ ఆయనే పెట్టుకున్నారు."

"అప్పటి నుంచీ?"

"రెండ్రోజులు ఏడిపిద్దామనుకున్నానంతే. ఎంత హాయిగా ఉందో తెలుసా ఓయ్ వినపడకపోవడం! ఈలోగా ఆయన ఇంటింటికీ వెళ్లి, మా ఆవిడకి వినపడదు, ఎదురుగా వచ్చి మాట్లాడండి అని నడుం విరిగేట్టు వంగి వంగి చెప్పుకొచ్చారు. టోఫూ అమ్మేవాడితో సహా అందరూ నాకు చేతులు తిప్పి సైగలు చేస్తున్నారు. ఇప్పుడు నాకు వినపడుతుందంటే ఆ వీధిలో ఆయన తలెత్తుకుని తిరగ్గలరా? నేను తిరగ్గలనా?"

"డాక్టరు దగ్గరికి వెళ్లామన్నారు?"

"వెళ్లాం. అక్కడ కూడా కూత వినపడితే మీట నొక్కమంటే నొక్కకుండా కూర్చున్నా. చెమటలు పట్టాయనుకోండి. ఆ తర్వాత నన్ను బయట కూర్చోబెట్టి ఆయనతో ఏదో మాట్లాడారు. పూర్తిగా పోయాయని చెప్పి ఉంటాడు పాపం ఆ డాక్టరు. ఆ సాయంత్రమే మొదలుపెట్టారు ఈయన."

"ఏం మొదలుపెట్టారు?"

"మాట్లాడటం."

"ఎవరితో?"

"నా వీపుతో. నేను గిన్నెలు తోముతుంటే వెనకొచ్చి నిలబడి మాట్లాడతారు. చిన్నప్పుడు సరస్సు మీద మంచు పగిలి మునిగిపోబోయిన సంగతి. పెళ్లిచూపుల్లో నా చేతులు ఎర్రగా పగిలి ఉన్నాయని, అవే నచ్చాయని. నేను పెట్టే నోజావనా ఆకుల ఊరగాయ వాళ్లమ్మ పెట్టినదాని కంటే బాగుంటుందని. ఇన్నేళ్లలో ఒక్కటి, ఒక్కటి కూడా చెప్పలేదండీ నాతో. మొన్నొక రోజు 'నువ్వు లేకపోతే నేనేమైపోతానో' అన్నారు. కుళాయి గట్టిగా తిప్పేసి ఏడ్చాను. అంత మాట్లాడి అలవాటు లేక గొంతు కూడా బొంగురుపోయింది పాపం."

"అయితే తిరిగి ఆయన మొహం చూసి, వింటున్నానండీ అని చెప్పేయొచ్చుగా!"

"చెబితే ఆపేస్తారు! మీకు తెలీదు ఆయన సంగతి. నేను వింటున్నానని తెలిసిన క్షణం నోటికి మళ్లీ గుడ్డ కట్టుకుంటారు. మళ్లీ ఓయ్. నా వల్ల కాదు మొమోసే గారూ. మాట్లాడకుండా ఉండటం నరకంగానే ఉంది, ఒప్పుకుంటా. ఆయన ఏదైనా చెబితే, అవునండీ నాకూ గుర్తుంది అని నాలిక చివరి దాకా వస్తుంది. మింగేస్తాను. కానీ ఆ మాటలు పోగొట్టుకోలేను."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"ఆ గొట్టం పాడైపోయిందని చెప్పండి."

"ఏది? ఇదా? నా చేత్తో బాగుచేసినదాన్ని పాడైపోయిందని నా నోటితో నేను చెప్పాలా?"

"అమ్మేశానని చెప్పండి పోనీ."

"ఇప్పుడే కదమ్మా ఎదురుగా పెట్టుకుని గంటసేపు పొగిడాను!"

"అయితే మోగించండి. నేను వినపడనట్టే కూర్చుంటా. అలవాటే. ఇది కూడా పనిచెయ్యలేదని ఆయనే వెళ్లిపోతారు. మీరు మాత్రం నోరు జారకండి."

"అంత పెద్ద మోతకి ఉలిక్కిపడకుండా కూర్చోగలరా?"

"ఉలిక్కిపడకుండా ఉండటంలో నన్ను మించినవాళ్లు లేరిప్పుడు. వస్తున్నారు. మీరు చేతులు తిప్పండి. ఊఁ, తిప్పండి!"

"ఇలా! అమ్మా, ఇలా కూర్చోండి! కిటికీ వైపు! టీ! టీ!"

"ఏంటి మొమోసే గారూ, అంత చెమటలు పట్టాయి మీకు?"

"ఏం లేదు ఒగిసో గారూ, పొయ్యి... పొయ్యి ఎక్కువైంది. అదీ... చూడండి, ఆలోచించాను. ఇది మీకు పనికిరాదేమో."

"ఇందాక బ్రహ్మాండం అన్నారు."

"అన్నాను. అప్పుడప్పుడు గుయ్‌మంటుంది. వయసైపోయింది కదా. నాలాగే."

"ఫరవాలేదు. మైకు ఇదిగో. ఎక్కడ గుచ్చాలి?"

"ఇంటికెళ్లి ఇంకోసారి ఆలోచించుకోండి. తొందరేముంది?"

"ఉంది. తొందరుందండీ. గుచ్చండి, దయచేసి."

"సరే. సరే. ఇటివ్వండి. దీన్ని నోటికి మరీ దగ్గరగా పెట్టకండి. ఊఁ. వస్తోంది కరెంటు. ఇక మాట్లాడండి. నేనలా బయటికెళ్లి మంచు ఊడుస్తా."

"వద్దు, ఉండండి. ఈ మిషను నాకు చేతకాదు. మధ్యలో ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు."

"నన్నెందుకు ఇరికించారయ్యా మీరిద్దరూ... అదే, మీరు. కానివ్వండి."

"ఓయ్."

"అబ్బ, అద్దాలు కదిలాయి! చూశారా, ఆవిడ ఉలకలేదు పలకలేదు. నే చెప్పలా. పని చెయ్యదిది. ఆ చెక్కపెట్టె కూడా వద్దు మీకు, ఇంటికెళ్లి వేడివేడిగా సోబా నూడుల్స్ తినండి ఇద్దరూ."

"ఉండండి. ఓయ్... కాదు. తొకియే."

"ఒగిసో గారూ..."

"తొకియే. ఇటు తిరక్కు. కిటికీ వైపే చూస్తూ ఉండు. నీ మొహం చూస్తే నాకు నోరు రాదు. ఇలా వెనక నుంచైతే కాస్త అలవాటైంది."

"సౌండు తగ్గించమంటారా? వీధిలోకి వినపడుతోంది."

"వద్దు, వినపడనివ్వండి. తొకియే, ఆ చెవుల డాక్టరు ఆ రోజు నిన్ను బయట కూర్చోబెట్టి నాతో చెప్పాడు. మీ ఆవిడ చెవులు నిక్షేపంలా ఉన్నాయి అన్నాడు. మీట నొక్కకపోయినా వాళ్లకి తెలిసిపోతుందట. నీకు వినపడుతుందని నాకు ఆ రోజు నుంచీ తెలుసు. తెలిసే చెప్పాను అవన్నీ."

"అయ్యో దేవుడా. అమ్మా, టీ ఒలికిపోతోంది, ఆ కప్పు ఇటివ్వండి."

"చెవి మిషను కొంటే మళ్లీ పరీక్ష అంటారు, నీ గుట్టు బయటపడుతుంది. అందుకే ఇంత పెద్దది కావాలన్నాను. ఈ గొట్టం దెబ్బకి మా ఆవిడ చెవులు తెరుచుకున్నాయని వీధిలో చెప్పుకోవచ్చు. అందరూ నమ్ముతారు, దీన్ని చూస్తే. నీ పరువుకి ఏం కాదు. మొమోసే గారు కూడా చెబుతారు."

"చెబుతా. ప్రమాణం చేసి చెబుతా."

"తెలిసే చెప్పారా, ఏమండీ?"

"ఆ."

"ఊరగాయ సంగతి కూడా?"

"అన్నీ."

"మరి అలాగే చెబుతూ ఉండాల్సింది! ఎన్నేళ్లైనా అలాగే వింటూ ఉండేదాన్నిగా నేను. మనిద్దరికీ బాగానే జరిగిపోతోంది కదా. ఇప్పుడెందుకండీ ఈ గొట్టం, ఈ మైకు, పరాయి మనిషి ముందు ఇదంతా?"

"చెవులకీ గొంతుకీ ఒకడే డాక్టరు కదా తొకియే. నీ చెవులు చూశాక, మీ గొంతేంటి అలా ఉంది అని నా నోట్లో లైటు వేసి చూశాడు, లోపల కంతి ఉందన్నాడు. ఇన్నాళ్లూ వాయిదా వేయించుకుంటూ వచ్చాను, ఇక లాభం లేదట. వచ్చేవారం పెద్దాసుపత్రిలో నా గొంతు తీసేస్తారు, ఆ తర్వాత నాకు మాట ఉండదు. ఈ నాలుగు రోజులైనా నాకు బదులు చెప్పు."